నెలకింత, తలకింత

మాక్లూర్ మొదలుకొని బోధను వరకు గల గ్రామాలలో గల్ఫు దేశాలకు పోయి వచ్చినవారు లేని వాడ అరుదు. 1970వ దశకంలో ఆరంభమైన ఈ వలస, బోధనులోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడిన తరువాత కూడ సాగుతూనే ఉన్నది. పోయే కుర్రవానికిని, అక్కడి యజమానికిని నడుమ ఒక మనిషి ఉంటాడు. ఆయనను మనము ఏజెంటు అంటాము. వీసా ఎంత, జీతమెంత అని అడుగుతాము గాని, ఈ మనిషికి కూలి ఎవరిస్తారు, ఏ లెక్కన ఇస్తారు అని అడిగేవారు తక్కువ. ఆ లెక్కనే ఇక్కడ విప్పి చూడదలచినాము.

ఈ వృత్తిలోనివారు రెండు తెగలు. ప్రభుత్వము వద్ద నమోదైన సంస్థలో నెలజీతముపై పనిచేసేవారు ఒక తెగ. (మన ప్రాంతంలో జీతగాడు అంటే అర్థము వేరు; ఇక్కడ కుర్చీలో కూర్చున్న ఉద్యోగి అని గ్రహించవలెను.) ఏ సంస్థకూ కట్టుబడక, పంపిన ప్రతి మనిషికి ఇంత అని కమీషను పుచ్చుకొనేవారు రెండవ తెగ.

ఎవరి సంపాదన మెరుగు? ఊహకొక లెక్క వేసి చూతము. ఉద్యోగికి నెలకు 25,000 రూపాయలు అనుకొందాము. ఏడాదికి 3 లక్షలు. మనుషులు దొరకని నెలలోను ఆ జీతము ఆగదు. సంస్థ చట్టము వర్తించేటంత పెద్దదైతే భవిష్యనిధికి యజమాని తన వంతు కలుపుతాడు. రైలు ఖర్చు, టెలిఫోను ఖర్చు అతని జేబులోనివి కావు.

స్వతంత్రునికి తలకు 8,000 రూపాయలు వస్తాయనుకొందాము. వినడానికి ఘనముగానే ఉన్నది. కాని అభ్యర్థిని హైదరాబాదు తీసుకొనిపోవుట, బస, భోజనము, వైద్యపరీక్షకు తిప్పుట మున్నగువాటికి తలకు 3,000 పోయినవనుకొనుడు. వెంట తీసుకొనిపోయిన ప్రతి నలుగురిలో ఒకడు పనితనపు పరీక్షలోనో, వైద్యుని వద్దనో ఆగిపోతే, వానికి పెట్టిన ఖర్చు నీళ్ళలో పోసినట్టే. ఈ లెక్కన నూరుమందిని తిప్పితే 75 మంది విమానమెక్కుతారు. రాబడి 6 లక్షలు, ఖర్చు 3 లక్షలు. మిగిలేది 3 లక్షలు. అనగా ఉద్యోగితో సరితూగుటకే ఏడాదికి 75 మందిని సాగనంపవలెను. డెబ్బదియారవ మనిషి నుంచే అతనికి లాభము.

అసలు చిక్కు ఈ డెబ్బదియారవ మనిషి వద్దనే ఉన్నది. ఉద్యోగి "ఈ పని నీకు తగినది కాదు, ఇంటికి పో" అని చెప్పినా అతని జీతము తగ్గదు. స్వతంత్రుడు ఆ మాట అన్నచో కమీషను పోవుటే గాక, పెట్టిన 3,000 కూడ పోవును. అందుచేత వడ్రంగి పని రాని వానిని వడ్రంగి అని, ఎడారిలో మేకల కాపును తోటపని అని చెప్పవలెననే ప్రలోభము పుట్టును. మనిషి చెడ్డవాడు కానక్కరలేదు. అతని కూలి పద్ధతియే అటు లాగును.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మదరాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాలుకు కూలీలను తీసుకొనిపోయినది. తరువాతి సంవత్సరాలలో తెలుగువారు అనేకులు అక్కడి చెరకు తోటలకు అదే విధముగా చేరినారు. ఆ కాలపు వలస చట్టాలలో ఒకటైన 1883 నాటి శాసనములో చక్కని నిబంధన ఒకటి కలదు: రేవులోని ఎమిగ్రేషన్ ఏజెంటు ప్రతిఫలము పంపిన మనుషుల సంఖ్యను బట్టి ఉండరాదు, స్థిరమైన వార్షిక జీతముగా ఉండవలెను. తలకింత అయితే అతడు ఎవరిని పంపుటకైనా ఒప్పుకొనునని ఆనాటివారే గ్రహించినారన్నమాట. అయితే ఆ ఏజెంటు క్రింద సంతలలోను, సత్రాలలోను తిరిగి మనుషులను పోగుచేసిన రిక్రూటరులకు తలలెక్కనే ముట్టేది. స్త్రీలు ఇంతమంది ఉండవలెననే నియమముండుటచేత స్త్రీకి ఎక్కువ ధర పలికేది. చట్టము మెట్ల పైభాగాన్ని కడిగినది. మోసము జరిగినది క్రింది మెట్టుపైన.

మలయా, సింహళ తోటలకు మనుషులను చేర్చిన కంగాణీల పద్ధతి ఇంకొక తీరు. తోటలో కూలీ పనిచేసిన దినాలను బట్టి కంగాణీకి తలపైకము వచ్చేది. తెచ్చిన మనిషి నిలిచియుంటేనే రాబడి గనుక అతనిపై కొంత శ్రద్ధ ఉండేది. ఆ శ్రద్ధయే అప్పు రూపములో అతనిని కట్టిపడవేసేది కూడ.

ఇంత చెప్పి స్వతంత్రుని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. అతడు ఊరివాడు. కువైటులో ఎవరికైనా ఆపద వస్తే అర్ధరాత్రి తలుపు తట్టేది అతని ఇంటినే. పట్నములోని ఉద్యోగి పేరు కూడ మన తల్లులకు తెలియదు. ఈ ఊరిపలుకుబడి కొరకే సంస్థలు అతనిపై ఆధారపడుతున్నవి. కాని 1983 నాటి వలస చట్టము నమోదులేని ఈ మధ్యవర్తిని గుర్తించలేదు. నమోదైన సంస్థ అభ్యర్థి నుంచి పుచ్చుకొనదగిన రుసుమును నియమాలు 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితము చేసినవి. మధ్యవర్తి వాటా సాధారణముగా ఆ రుసుములోనిది కాదు, దానిపై చేరేది. లక్ష దాటి ఇచ్చామనే కుటుంబాలు కనబడుటకు కారణాలలో ఇదొకటి. ఆ సొమ్ము వడ్డీకి తెచ్చినదైతే, మొదటి ఏడాది జీతము ఇంటికి గాక అప్పులవానికి పోవును.

కావున ఏజెంటు ఇంటికి వచ్చినప్పుడు సంకోచింపక "మీకు నెలజీతమా, తలకింతా?" అని అడుగవచ్చును. సంస్థ నమోదు సంఖ్యను అడిగి, ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో సరిచూడవచ్చును. సొమ్ము చేతికి గాక సంస్థ పేర బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదు తీసుకొని, ఆ రసీదును పోయేవాని పెట్టెలో గాక ఇంటిలోనే ఉంచుకొనవలెను.