పండుగ నాటికి పూయాలంటే.. చామంతికి రాత్రి దీపం

కుప్పం: రాత్రి పది దాటాక కుప్పం, పలమనేరు ప్రాంత పల్లెల మీదుగా వెళ్లేవారికి పొలాల్లో వరుసలుగా వెలిగే బల్బులు కనిపిస్తుంటాయి. కొత్తవారు జాతరేదో జరుగుతోందనుకుంటారు. అవి చామంతి తోటలు. నీరు, ఎరువు అందించినట్లే ఈ పంటకు వెలుతురును కూడా వేళ ప్రకారం అందించాల్సి ఉంటుంది. ఆ లెక్క వారం రోజులు తప్పినా అర ఎకరం మీద ఆధారపడిన కుటుంబానికి ఆ ఏటి రాబడి చేజారినట్లే.

చామంతి చీకటిని కొలిచే మొక్క. పగటి నిడివి సుమారు పదమూడున్నర గంటలకు తగ్గి, రాత్రి ఆ మేరకు పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. ఈ హద్దు రకాన్ని బట్టి కొంత మారుతుంది. పగలు, రాత్రి నిడివికీ పూతకూ గల ఈ సంబంధాన్ని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో వెల్లడించారు. చలి దేశాల్లో వేసవి పగళ్లు చాలా పొడవు కాబట్టి మొక్క అప్పుడు ఏపుగా పెరిగి, శరదృతువులో పూస్తుంది. మన చిత్తూరు జిల్లాలో జూన్‌లో సైతం పగలు 13 గంటలకు చేరదు. దాంతో చాలా రకాలు వేరు నిలదొక్కుకొని కొమ్మలు సాగకముందే మొగ్గకు వస్తాయి. అలాంటి మొక్కకు పూలు తక్కువ, కాడ పొట్టి. బుట్టల్లో విడిపూలుగా అమ్మే రైతుకు అది దిగుబడి నష్టం. కాడతో కోసి బొకేలకు అమ్మే రైతుకైతే సరుకే చెల్లదు.

అందుకే నాటిన తర్వాత నాలుగైదు వారాల పాటు రాత్రి పది నుంచి రెండు గంటల వరకు దీపాలు వెలిగిస్తారు. పత్రిక చదువుకోగలిగినంత వెలుతురు చాలు. నడిరాత్రి వెలుగు పడటంతో ఒక పొడవాటి రాత్రి రెండు పొట్టి రాత్రులవుతుంది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ వెలుగును పసిగట్టి మొగ్గ రాకుండా ఆపుతుంది. మామూలు బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాక కరెంటు ఖర్చు బాగా తగ్గింది. అయితే పూత ఆపాల్సిన రోజుల్లో వరుసగా కొన్ని రాత్రులు కరెంటు పోతే పడిన శ్రమంతా వృథా.

సూర్యుడి లెక్క.. చంద్రుడి లెక్క

అసలు చిక్కు పంచాంగంతోనే వస్తుంది. మొక్క సూర్యుడిని అనుసరిస్తుంది, మార్కెట్ తిథులను అనుసరిస్తుంది. 2022లో అక్టోబరు 5న వచ్చిన విజయదశమి, అధిక శ్రావణం కారణంగా 2023లో అక్టోబరు నాలుగో వారానికి జరిగింది. 2025లో మళ్లీ అక్టోబరు 2నే వచ్చింది. చామంతికి ఈ తేడాలు తెలియవు. తెలియజేసేది రైతు చేతిలోని స్విచ్చే. దీపాలు ఆపాక రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాల్లో పూలు కోతకు వస్తాయి. ఎనిమిది వారాల రకమైతే 2025 దసరాకు ఆగస్టు 7న దీపాలు ఆపాలి. కోత వారం ముందే మొదలవ్వాలంటే జూలై 31నే ఆపేయాలి. ఎండలు ముదిరితే పూత మరికొంత ఆలస్యమవుతుంది కనుక రెండు మూడు రోజులు ముందుగా ఆపడమే మేలు.

తోటంతా ఒకేసారి పూయించడం కూడా అంత తెలివైన పని కాదు. నాటు వేళలను, దీపాలు ఆపే తేదీలను మడికొకటిగా మార్చుకుంటే వరలక్ష్మీ వ్రతానికి కొంత, దసరాకు కొంత, కార్తీకానికి కొంత పూలు అందుతాయి. ఇంటి మనుషులే కోసుకోగలుగుతారు, కూలీల వెంట పరుగులుండవు. పండుగ దాటాక అందరి పూలూ ఒకేసారి మండీకి చేరితే కోత కూలీ కూడా గిట్టని రోజులుంటాయి. అక్టోబరు వానలకు విచ్చిన పూలు కుళ్లే ప్రమాదం ఎలాగూ ఉంది. పేనుబంక, తామర పురుగుల బెడద వేరు.

దీపాలు ఆపిన తర్వాత తోటపై చీకటి పూర్తిగా ఉండాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. గట్టున వీధి దీపం, మోటారు షెడ్డు వద్ద రాత్రంతా వెలిగే బల్బు, ఆలస్యంగా నాటిన పొరుగు రైతు తోటలోని దీపాలు.. వీటిలో ఏ వెలుగు పడినా ఆ మేరకు మొక్కలు పచ్చగా ఎదుగుతూనే ఉంటాయి, పూయవు. మడిలో ఒక మూల మాత్రమే పూత రాకపోతే తెగులు మందు కొనడానికి ముందు, రాత్రిపూట ఆ మూలన నిలబడి ఏ వెలుగు పడుతోందో చూసుకోవాలి. షెడ్డు బల్బుకు తోట వైపు రేకు అడ్డం కట్టినా సరిపోతుంది. వీధి దీపం విషయం పంచాయతీతో, పొరుగు తోట సంగతి పక్క రైతుతో నాటడానికి ముందే మాట్లాడుకోవాలి.