గిటారు గొంతులో ఆ జీర ఎక్కడిది?

తెర మీద హీరో గిటారు పట్టుకుని ఊగిపోతుంటే మనం హీరోనే చూస్తాం. అది సహజం. స్టేజీ మీద నిజంగా వాయించే మనిషి ఉన్నా మన కళ్ళు అతని వేళ్ళ మీదే. అతని వెనకాల మోకాలెత్తున, నల్ల రెక్సిన్ తొడుక్కుని కూర్చున్న పెట్టె వైపు ఎవరూ చూడరు. పాపం, దాని పేరు టైటిల్స్‌లోనూ పడదు! కాని ఎలక్ట్రిక్ గిటారు విషయంలో సగం నటన ఆ పెట్టెదే. ముఖం గిటారుదైతే గొంతు యాంప్లిఫయర్‌ది. అందులోనూ వాల్వులతో నడిచే పాత తరహా యాంప్లిఫయర్ గొంతే వేరు.

"ఈ కంప్యూటర్ల రోజుల్లో ఇంకా వాల్వులేమిటండీ?" అని మీరు అడగొచ్చు. తాతగారింట్లో, స్విచ్ వేసిన అరనిమిషానికి గాని నోరు విప్పని రేడియో ఉండేదే, దాని వెనక ఎర్రగా వెలిగేవి చూశారా? అవే. పాత తెలుగు సినిమాల టైటిల్స్‌లో వెస్ట్రెక్స్ అనీ, ఆర్.సి.ఏ. అనీ సౌండ్ సిస్టమ్ పేర్లు పడేవి... ఆ యంత్రాలు నడిచిందీ వాల్వుల మీదే. రేడియోలు వాటిని వదిలేశాయి. సినిమా హాళ్ళూ వదిలేశాయి. పట్టుకు వేళ్ళాడుతున్నది గిటారు వాళ్ళూ, కొద్దిమంది రికార్డు ప్లేయర్ పిచ్చివాళ్ళూ. పాతికేళ్ళుగా ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయిస్తున్నాను గనక నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

తమాషా ఏమిటంటే, ఈ పెట్టెలు కనిపెట్టిన మహానుభావులు ఆ గొంతు కోసం చేయలేదు. అమెరికాలో లియో ఫెండర్‌కి గిటారు వాయించడమే రాదు. గిటారు ధ్వని పెద్దగా, శుభ్రంగా, జీర లేకుండా వినబడాలన్నది ఆయన తపన. వాల్వుని దాని శక్తికి మించి తోస్తే గొంతు బొంగురుపోతుంది. ఇంజనీరు లెక్కలో అది లోపం. వాయించేవాడి చెవికి మాత్రం అది అమృతం!

ఎందుకంటారా? మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ శక్తి అయిపోతే పరిగెత్తేవాడు గోడకి గుద్దుకున్నట్టు ఠక్కున ఆగుతుంది. చెవిలో గీ మంటుంది. వాల్వు అలా కాదు, మెల్లమెల్లగా ఒరుసుకుంటూ లొంగుతుంది. తీగెని సుతారంగా మీటితే శుభ్రంగా పలుకుతుంది. గట్టిగా మీటితే జీర పలుకుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి గట్టులాంటి చోటు ఒకటుంది. మంచి టోను అంటే ఆ గట్టు మీద నిలబడటమే. గొప్ప నటి కళ్ళల్లో నీళ్ళు నిలుపుతుంది గాని కిందకి రాలనివ్వదు చూడండి... అలాంటిదన్నమాట.

చరిత్ర తిరగేస్తే ఈ జీర ముందు ప్రమాదంగానే వచ్చింది. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో, ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' అనే పాట రికార్డు చేసింది. దారిలో యాంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానలో తడిసిందని కొందరు. చిరిగిన స్పీకరులో కాగితం కుక్కి కానిచ్చేశారు. ఆ గరగరే జనానికి నచ్చింది! 1964లో ఇంగ్లండ్‌లో కింక్స్ బృందం కుర్రాడు డేవ్ డేవిస్, పదిహేడేళ్ళవాడు, చిన్న యాంప్లిఫయర్ స్పీకరుని బ్లేడుతో కోసి మరీ ఆ ధ్వని రాబట్టాడు. (మీరు అంత పని చేయకండి. స్పీకర్ల ధరలు ఇప్పుడు వేరు.)

కాని అసలు కథ 1966లో ఉంది. లండన్, వెస్ట్ హాంప్‌స్టెడ్, డెక్కా స్టూడియో. జాన్ మేయాల్ బృందం 'బ్లూస్‌బ్రేకర్స్' రికార్డింగ్. గిటారు ఎరిక్ క్లాప్టన్, అప్పటికి 21 ఏళ్ళు. చేతిలో గిబ్సన్ లెస్ పాల్, వెనక రెండు 12 అంగుళాల స్పీకర్లున్న మార్షల్ పెట్టె. ఈ మార్షల్ పుట్టుకా చిత్రమే. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడుపుకునే జిమ్ మార్షల్, ఫెండర్ వాళ్ళ బాస్‌మన్ అనే యాంప్లిఫయర్‌ని ముందు పెట్టుకుని 1962లో తన మనుషులచేత చేయించిన పెట్టెతో మొదలైంది ఆ వంశం.

ఆ రోజుల్లో స్టూడియోలో గిటారు మనిషి ఒద్దికగా ఉండాలి. చప్పుడు తగ్గించుకోవాలి, మైకు స్పీకరు మూతి దగ్గరే ఉండాలి, పక్కవాళ్ళ మైకుల్లోకి పోకూడదు. క్లాప్టన్ కుదరదన్నాడు. స్టేజీ మీద ఎంత మోతలో వాయిస్తాడో ఇక్కడా అంతే, మైకు దూరంగా పెట్టుకోమన్నాడు. ఇంజనీరు గస్ డజన్ కంగారుపడ్డాడు. చివరికి నెగ్గింది కుర్రాడే. పంతం కోసం చేసిన పని కాదది. వాల్యూం తగ్గిస్తే ఆ పెట్టెలోంచి ఆ గొంతు రాదని అతనికి తెలుసు. ఆ రికార్డు వచ్చాక ఆ యాంప్లిఫయర్‌కి జనం పెట్టుకున్న పేరే 'బ్లూస్‌బ్రేకర్'.

ఇక్కడే ఉంది అసలు తంటా. గొంతు మోతలో ఉంది. మోత లోకానికి పనికిరాదు!

కూకట్‌పల్లి ఫ్లాటులో...

నా దగ్గరికి అప్పుడప్పుడూ వచ్చే ఒక కుర్రాడున్నాడు. వేళ్ళల్లో సరుకున్నవాడు. డాలస్‌లో ఉన్న వాళ్ళక్క ఫెండర్ డీలక్స్ రివర్బ్ పంపించింది. 1965 నాటి మోడల్‌కి కంపెనీ వాళ్ళే చేసిన నకలు. 22 వాట్లు, 12 అంగుళాల స్పీకరు ఒకటి, లోపల చిన్నా పెద్దా కలిపి 9 వాల్వులు. నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు.

"అన్నా, అక్క అంత ఖర్చు పెట్టి పంపింది. సన్నగా గీ అంటున్నదే తప్ప అసలు టోనే లేదు. అమ్మేద్దామనుకుంటున్న."

"పెట్టె బాగాలేదంటావా?"

కాసేపు మాట్లాడలేదు. "పెట్టె మంచిదే అంటున్నరన్నా అందరూ. నా చేతిలోనే లేదేమో. పెట్టెతో పాటు గిటారు కూడా ఇచ్చేద్దామని..."

ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. వెళ్ళాను.

చూద్దును కదా, వాల్యూం 2 మీద ఉంది. ట్రెబుల్ 8, బేస్ 8. గిటారుకీ పెట్టెకీ మధ్య నేల మీద అయిదు పెడళ్ళు రైలుపెట్టెల్లా తగిలించి ఉన్నాయి. అన్నీ పీకించాను. గిటారు తీగ తిన్నగా పెట్టెలోకి. ఎదురుగా ఒక్కో ఛానెల్‌కీ సాకెట్లు రెండుంటాయి. మొదటిదాంట్లో పెడితే పూర్తి బలం, రెండోదాంట్లో పెడితే సగం బలం. మొదటిదాంట్లోనే పెట్టించాను.

"ఇప్పుడు వాల్యూం 6కి తిప్పు" అన్నాను. వాడు భయపడ్డాడు. తిప్పాడు. కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి!

"బేస్ తగ్గించు. ఇంకా... 3కి." ఇది చాలామందికి తెలియని కిటుకు. వాల్యూం పెరిగేకొద్దీ బేస్ తగ్గాలి, లేకపోతే కింది స్వరాలు తడిసిన మట్టిలా ముద్దయిపోతాయి. ట్రెబుల్ 5కి దింపించాను. ఈ నాబులు ధ్వనిలో కొత్తగా దేన్నీ కలపవు, ఉన్నదాంట్లోంచి తీసేయడమే వాటి పని. ఈ మోడల్‌కి మిడిల్ నాబు లేనేలేదు. ట్రెబుల్, బేస్ రెండూ పైకి పెడితే మధ్య స్థాయి గోతిలో పడిపోతుంది. గిటారు బతికేది ఆ మధ్య స్థాయిలోనే! రెండూ దించండి, నడుము దానంతటదే లేస్తుంది. ఇంకో సంగతి... ఆ పెట్టెలో వైబ్రాటో ఛానెల్ వాల్యూం దగ్గర మెరుపు పెంచే చిన్న కెపాసిటర్ ఒకటి ఉంటుంది. వాల్యూం తక్కువలో ఉన్నప్పుడే దాని ప్రతాపమంతా. 2 మీద పెట్టి "గీ అంటున్నది" అంటే అనదా మరి!

అప్పుడు అసలు పాఠం మొదలైంది. "ఇక పెట్టెని ముట్టుకోకు. గిటారు మీద వాల్యూం ఉంది చూశావా, దాన్ని 6కి దించి మెల్లగా మీటు."

గంట మోగినట్టు పలికింది. అదే తీగె గట్టిగా మీటాడు. అంచున కాస్త జీర. గిటారు వాల్యూం 10 చేశాడు. గొంతు చించుకుని పాడింది. మూడు గొంతులూ ఒక్క పెట్టెలోవే, ఒక్క నాబు కూడా కదపకుండా! ఆ కుర్రాడు నా వంక చూడలేదు. తల వంచుకుని తన కుడి చెయ్యి వంక చూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఇలాంటి పెట్టె కనికరం లేనిది. చెయ్యి తడబడితే తడబాటు వినిపిస్తుంది. పెడళ్ళ మేకప్ వెనక దాక్కోవడానికి చోటుండదు. చాలామంది వాల్యూం 2 మీద ఆగిపోయేది పక్కింటివాళ్ళకి భయపడి మాత్రమే కాదని నా అనుమానం.

పక్కింటివాళ్ళంటే గుర్తొచ్చింది. అనుకున్నంతా అయింది, తలుపు చప్పుడైంది. పంచె కట్టుకున్న పెద్దాయన. తిడతారనుకున్నాం. "బాబూ, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా నేను పార్కులో నడుస్తాను. ఆ గంటలో నీ ఇష్టం. మిగతా వేళల్లో మాత్రం నన్ను బతకనీ" అన్నారు. అంత మంచి పొరుగు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

వాట్ల సంగతి

దొరకనివాళ్ళు చిన్న పెట్టె కొనుక్కోవడం మేలు. ఇక్కడొక భ్రమ ఉంది. 100 వాట్ల పెట్టె 50 వాట్లదానికి రెట్టింపు మోత చేస్తుందనుకుంటారు. తేడా 3 డెసిబెల్స్ మాత్రమే! చెవికి సగం మోత అనిపించాలంటే 10 వాట్లకి దిగాలి. కాబట్టి 100 వాట్ల పెట్టె తెచ్చుకుని 1 మీద వాయించుకోవడమంటే, ఏనుగుని కొని వసారాలో కట్టుకోవడం. 1970లో క్లాప్టనే 'లైలా' ఆల్బం రికార్డింగుకి ఫెండర్ చాంప్ లాంటి బుల్లి పెట్టె వాడాడు. దాని శక్తి ఇంచుమించు 5 వాట్లు. మైకు ముందు అయిదు వాట్లు ఎంత పెద్దగా వినిపిస్తాయో ఆ రికార్డు చెబుతుంది. అదీ ఎక్కువనిపిస్తే యాంప్లిఫయర్‌కీ స్పీకరుకీ మధ్య అటెన్యుయేటర్ అనే సాధనం పెట్టుకోవచ్చు. కొంత శక్తిని అది వేడిగా మార్చేస్తుంది. మరీ ఎక్కువ నొక్కేస్తే గాలి తగిలిన స్పీకరు ఊపు పోతుంది, అది వేరే సంగతి.

కంప్యూటరులో ఈ పెట్టెల నకళ్ళు ఇప్పుడు చాలా బాగా వస్తున్నాయి. రికార్డింగులో కళ్ళు మూసుకుని వింటే ఏది ఏదో నేనూ పందెం కాయను. హెడ్‌ఫోన్స్‌తో అర్ధరాత్రి సాధన చేసేవాడికి అవి వరమే. కాని గదిలో వెనకనుంచి పిక్కలకి తగిలే ఆ గాలి హెడ్‌ఫోన్స్‌లో ఎక్కడ దొరుకుతుంది?

వాల్వులు మార్చే పిచ్చి గురించి రెండు ముక్కలు. ఈ పిచ్చిలో పడి జీతాలు తగలేసినవాళ్ళని చూశాను. ఇప్పుడు కొత్త వాల్వులు ప్రధానంగా స్లొవాకియా, రష్యా, చైనాల నుంచి వస్తాయి. జీర మరీ తొందరగా వచ్చేస్తోందనుకుంటే మొదటి 12ఏఎక్స్7 వాల్వు తీసి 5751 పెట్టి చూడండి, ఊపు కాస్త తగ్గుతుంది. పెన్సిలుతో వాల్వుని సుతారంగా తడితే స్పీకరులో ఖంగున మోగితే అది మార్చదగ్గదే. ఇంతకు మించి తేడా కావాలంటే స్పీకరు మార్చండి. పది వాల్వులు మార్చినా రాని మార్పు ఒక్క స్పీకరుతో వస్తుంది. అంతకన్నా ముందు ఖర్చులేని పని ఒకటుంది. పెట్టెని నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టండి. స్పీకరు మీ చీలమండలకి పాడుతుంటే మీ చెవులకేం తెలుస్తుంది?

మార్షల్ తరహా పెట్టెల్లో రెండు ఛానెళ్ళనీ చిన్న తీగతో కలిపి వాయించే అలవాటుంది, బ్రహ్మాండంగా ఉంటుంది. డీలక్స్ రివర్బ్‌లో మాత్రం ఆ పని చేయకండి. దాని రెండు ఛానెళ్ళూ తోడికోడళ్ళలా ఒకదానికొకటి ఎదురు, కలిపితే ధ్వని సన్నబడుతుంది.

చివరగా, ప్రాణం మీది మాట. అమెరికా నుంచి వచ్చిన పెట్టె అక్కడి 120 వోల్టులకి చేసింది. మన 230 వోల్టుల ప్లగ్గులో తిన్నగా పెడితే కాలి కూర్చుంటుంది. తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. స్పీకరు తగిలించకుండా స్విచ్ వేసి వాయించారా, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎసరు. ఇక వెనక స్క్రూలు విప్పి లోపల చెయ్యి పెట్టడం... లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల పైచిలుకు ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కాసేపు అలాగే కాచుకుని ఉంటుంది. మనుషులు పోతారు! ఆ పని తెలిసిన మెకానిక్‌కి వదిలేయండి.

అన్నట్టు, ప్రోగ్రాం అయిపోగానే స్విచ్ ఆపి, ఆటో వచ్చిందని హడావిడిగా ఎత్తేయకండి. కాలిన వాల్వులు కుదుపుకి తట్టుకోలేవు. ఓ ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. ఆటో అతనికి ఈలోగా టీ ఇప్పించండి.