ప్రోగ్రాముతో కమ్మీ రేఖాచిత్రం

కమ్మీ రేఖాచిత్రం అనగా వర్గాలవారీగా ఉన్న దత్తాంశాన్ని సమాన వెడల్పు గల దీర్ఘచతురస్రాలతో చూపే పటం. ఒక్కో వర్గానికి ఒక్కో కమ్మీ ఉంటుంది. ఆ వర్గపు విలువను కమ్మీ పొడవు తెలుపుతుంది. వర్గాలు వేర్వేరు గనుక కమ్మీల మధ్య ఖాళీ వదులుతారు. తరగతి అంతరాలను చూపే సోపాన చిత్రంలో ఈ ఖాళీ ఉండదు.

చరిత్ర

స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి చిత్రం ఉంది. 1781 క్రిస్మసుతో ముగిసిన సంవత్సరంలో స్కాట్లండు 17 ప్రాంతాలతో జరిపిన ఎగుమతి, దిగుమతులను అందులో చూపాడు. పలు సంవత్సరాల లెక్కలు లభించనందున రేఖలకు బదులు కమ్మీలు గీశాడు. కాలగమనం కనిపించని ఈ చిత్రం తక్కువ ప్రయోజనకరమని ఆయనే భావించడం విశేషం.

ప్రోగ్రాము

పైథాన్ భాషలో ఇందుకు ఎక్కువగా వాడే సాఫ్టువేరు మాట్‌ప్లాట్‌లిబ్. దీనిని జాన్ హంటర్ రూపొందించాడు. తొలి విడుదల 2003లో జరిగింది. ముందుగా వర్గాల పేర్లను, విలువలను ఒకే వరుసలో రెండు జాబితాలుగా రాయాలి. పైథాన్ మూడవ సంచిక నుండి జాబితాల పేర్లు తెలుగు లిపిలోనూ ఉండవచ్చు. 2011 జనగణన ప్రకారం మాతృభాషీయుల సంఖ్య ఉదాహరణగా:

భాషలు = ["బెంగాలీ", "మరాఠీ", "తెలుగు", "తమిళం"]
కోట్లు = [9.72, 8.30, 8.11, 6.90]

ఈ రెండింటినీ 'బార్' ఆదేశానికి ఇస్తే నిలువు కమ్మీలు, 'బార్‌హెచ్'కు ఇస్తే అడ్డు కమ్మీలు వస్తాయి. పేర్లు పొడవైనవైతే అడ్డు కమ్మీలే మేలు. అయితే వాటిలో జాబితాలోని మొదటి పేరు అట్టడుగున వస్తుంది.

జాబితాలో హిందీ (52.83 కోట్లు) లేదు. దానిని చేర్చితే తక్కిన నాలుగింటి మధ్య తేడాలు కంటికి ఆనవు. ఇలా వదిలివేసినప్పుడు ఆ సంగతి చిత్రం కిందనే రాయాలి.

అక్షం మొదలు

'బార్' ఆదేశం మామూలుగా నిలువు అక్షాన్ని సున్నా నుండే మొదలుపెడుతుంది. 'వైలిమ్' ఆదేశంతో దీనిని మార్చవచ్చు, చిక్కంతా ఇక్కడే. పై ఉదాహరణలో అక్షాన్ని 6.5 కోట్ల వద్ద మొదలుపెడితే తమిళానికి 0.40, తెలుగుకు 1.61 మేర కమ్మీలు మిగులుతాయి. తెలుగువారు తమిళుల కంటే నాలుగు రెట్లు ఉన్నట్లు చిత్రం చెబుతుంది. నిజానికి తేడా సుమారు 18 శాతమే. అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు, ప్రోగ్రామూ ఏ దోషమూ చూపదు. పాఠకుడు పోల్చేది పొడవులను గనుక కమ్మీలకు సున్నా తప్పనిసరి. రేఖాపటంలో వాలును చూస్తారు కాబట్టి అక్కడ కొంత సడలింపు ఉంది.

తెలుగు పేర్లు

మాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. అందువలన పేర్ల స్థానంలో డబ్బాలు కనిపిస్తాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ఎంచుకోవాలి. ఆ తరువాత కూడా ఒత్తులు, గుణింతాలు సరైన చోట పడ్డాయో లేదో చూసుకోవాలి.