చలి రాత్రులు, మామిడి పూత: శీతోష్ణస్థితి నమూనాలు ఏమి చెప్పగలవు?

పుష్యమాసం గడిచినా పూత కనిపించని మామిడి తోట జి. కొండూరు రైతుకు అపరిచితం కాదు. కార్తీక, మార్గశిరాలలో అకాల వానలు కురిసి రాత్రులు వెచ్చగా ఉన్న ఏడు, కొమ్మల చివర పూమొగ్గలకు బదులు ఎర్రని లేత చిగుళ్ళు వస్తాయి. పూమొగ్గ ఏర్పడాలంటే ముదిరిన కొమ్మ, కొంత బెట్ట, వాటితోపాటు కొన్ని వారాల చలి రాత్రులు కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గినకొద్దీ ఈ ప్రేరణ బలపడుతుంది. కోస్తా ఆంధ్రలో శీతకాలపు రాత్రులు ఈ హద్దుకు సమీపంలోనే ఉంటాయి. అందువల్ల ఒక్క డిగ్రీ పెరుగుదల కూడా ఇక్కడి బంగినపల్లికి, చిన్న రసానికి చిన్న విషయం కాదు.

వెచ్చని శీతకాలం ఆ ఒక్క ఏటి వైపరీత్యమా, రాబోయే కాలపు తీరా? ఒక తోట అనుభవంతో దీనిని తేల్చలేము. వ్యవసాయ ప్రయోగంలో ఎరువు వేసిన మడి పక్కన ఎరువు వేయని మడి ఉంటుంది. భూగోళానికి అటువంటి పోలిక మడి లేదు. ఆ లోటును తీర్చేది శీతోష్ణస్థితి నమూనా. వాయుగోళం, సముద్రం, నేల, మంచు వీటి భౌతిక సమీకరణాలను కంప్యూటరులో సాధించి, పారిశ్రామిక యుగానికి ముందున్న కార్బన్ డయాక్సైడ్‌తో ఒకసారి, నేటి పరిమాణంతో మరొకసారి నడుపుతారు. తొలి స్థితిని స్వల్పంగా మార్చి పలుమార్లు నడపడం మన ప్రయోగాలలోని పునరావృత్తుల వంటిదే.

1967లో సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ ఒకే ఒక్క నిలువు గాలి స్తంభాన్ని తీసుకుని, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే భూతల ఉష్ణోగ్రత సుమారు 2.3 డిగ్రీలు పెరుగుతుందని లెక్కించారు. అదే లెక్కలో పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతుందని కూడా తేలింది. వేడికి సూర్యుడే కారణమైతే పై పొర కూడా వేడెక్కవలసి ఉంటుంది. తరువాతి దశాబ్దాలలో బెలూన్లు, ఉపగ్రహాలు ఆ చల్లదనాన్నే నమోదు చేశాయి. దానిలో ఓజోన్ తరుగుదలకూ వాటా ఉంది. అయినా పొర పైభాగంలో ప్రధాన పాత్ర కార్బన్ డయాక్సైడ్‌దే. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం బద్దలైనపుడు, భూగోళం సుమారు అర డిగ్రీ తాత్కాలికంగా చల్లబడుతుందని జేమ్స్ హాన్సెన్ బృందం ముందుగానే చెప్పింది. మరుసటి ఏడు దాదాపు అలాగే జరిగింది. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఇంతటి నమూనాకూ జి. కొండూరు కనిపించదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన నమూనాలో ఒక గడి వెడల్పు సుమారు 200 కిలోమీటర్లు. కొండపల్లి కొండలు, కృష్ణానది, నూజివీడు మెట్ట, బందరు తీరం దాదాపు ఒకే గడిలో ఒదిగిపోతాయి. పైగా నమూనా చూపే రాత్రి ఉష్ణోగ్రతకూ, వేధశాల నమోదుకూ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉండవచ్చు. ఆ దోషాన్ని సవరించకుండా 20 డిగ్రీల హద్దుతో పోల్చి "పూత తగ్గును" అని రాయడం విద్యార్థులు తరచు చేసే పొరపాటు. వాన విషయంలో నమూనాల మధ్య భేదం మరింత ఎక్కువ.

ఈ ఏడు పూత ఎప్పుడు వస్తుందని రైతు అడిగితే సమాధానం వాతావరణ శాఖ సూచనలలో వెతకాలి. శీతోష్ణస్థితి నమూనాలో కాదు. ముసలి తోట తీసివేసి మళ్ళీ మామిడే నాటాలా, ఆయిల్‌పామ్‌కు మారాలా అన్నది వేరే ప్రశ్న. నేడు నాటిన అంటు 2060లోనూ కాపు ఇవ్వవలసినది. ఐపీసీసీ ఆరవ నివేదిక ప్రకారం 1850–1900తో పోలిస్తే 2011–2020 నాటికి భూగోళం 1.1 డిగ్రీలు వేడెక్కింది. 2041–2060 నాటికి, ఉద్గారాల తీరును బట్టి, ఇది 1.6 నుండి 2.4 డిగ్రీలకు చేరవచ్చు. ఏ తీరు నిజమైనా శతాబ్ది నడిమికి మరికొంత వేడి తప్పదు. ఇది భూగోళ సగటు మాత్రమే. దీనిని తోటలోని రాత్రికి యథాతథంగా అన్వయించరాదు.

ఆ వేడిని పూతతో ముడిపెట్టే లెక్కకు స్థానిక నమోదులు కావాలి. 2022లో జిల్లాల విభజనతో జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాలో, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. మామిడి పట్టీ మాత్రం ఒకటే. రెండువైపులా కొన్ని తోటలను ఎంచుకుని చిగురు తేదీ, పూత తేదీ, అక్టోబరు నుండి జనవరి వరకు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, చివరి వాన పడిన రోజు ఒకే పుస్తకంలో రాయిస్తే చాలు. పదేళ్ళ నమోదు ఉంటే స్థానిక హద్దు 20 డిగ్రీలా, 18 డిగ్రీలా, రకానికీ రకానికీ తేడా ఎంత అన్నది పరీక్షించవచ్చు.