ఒకే మాట, రెండు తీర్పులు

2006 నవంబరు 17వ తేది రాత్రి, లాస్ ఏంజెలెస్ ప్రాంతమునందలి లాఫ్ ఫ్యాక్టరీ అను కామెడీ క్లబ్బులో, 'సైన్‌ఫెల్డ్' టెలివిజన్ ధారావాహికలో క్రేమర్ వేషము ధరించి ప్రఖ్యాతుడైన మైఖేల్ రిచర్డ్స్, తన ప్రదర్శనకు అడ్డుతగిలిన నల్లజాతి ప్రేక్షకులపై మండిపడి, బానిసత్వపు నాటినుండి ఆ జాతిని హీనపఱచుటకు తెల్లవారు వాడిన దూషణపదమును పలుమార్లు కేకలువేసి పలికెను. సభలో ఒకరు సెల్‌ఫోనున పట్టిన ఆ దృశ్యము దేశమంతట పాకగా, మూడవనాడే ఆయన డేవిడ్ లెటర్‌మన్ కార్యక్రమములో క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. ఇంతవరకు వింత యేమియు లేదు, వింత తరువాతిది.

ఇకమీదట తన వేదికపై తెల్లవాడుగాని నల్లవాడుగాని ఆ మాట పలుకరాదని క్లబ్బు యజమాని జేమీ మసాడా శాసించెను. మఱుసటి నెలలోనే ఆ శాసనమునకు చిక్కినవాడు డేమన్ వేయన్స్ అను నల్లజాతి హాస్యకారుడు! ఒక్కొక్క ఉచ్చారణకు 20 డాలర్ల చొప్పున, పదునాఱు పర్యాయములకు 320 డాలర్ల జరిమానాయు, మూడు నెలల నిషేధమును ఆయనకు ప్రాప్తించినవి. నోరుజాఱినవాడు తెల్లవాడు, జరిమానా పడినది నల్లవానికి. అందఱికి ఒకే ధర్మము అనుమాట వినుటకు ఇంపుగనే యుండును గాని, చరిత్ర అందఱికి ఒకేతీరున నడవనప్పుడు ఆ ధర్మము ఎవరి నెత్తిన పడునో ఈ ఉదంతమే చెప్పుచున్నది.

"నల్లవారు తమలో తాము అనుకొనవచ్చునట, మేమన్నచో పాపమట, ఇదెక్కడి న్యాయము?" అని అడుగు తెల్లవారు నాడును కలరు, నేడును కలరు. అన్నదమ్ములు చనువుకొలది ఒకరినొకరు అనుకొను మాటను వీథినపోవు పరాయివాడు అన్నచో మనము ఊరకుందుమా? అయినను, ఈ సమాధానముతో వివాదము ముగిసినదనుటకు వీలులేదు. ఏలయన నల్లజాతి కళాకారులకే ఈ విషయమున ఏకాభిప్రాయము లేదు.

నల్లజాతి హాస్యకారుడు రిచర్డ్ ప్రయర్ 1974లోను 1976లోను, పేరులోనే ఆ మాట గల రెండు రికార్డులు వెలువరించి, రెంటికిని గ్రామీ బహుమానములు పొందిన మహానుభావుడు. దెబ్బతీయుచు వచ్చిన మాటను తానే పదేపదే పలికి దాని విషమును విఱిచివేయవచ్చునని ఆయన తలంపు. అట్టివాడు 1979లో కెన్యాకు పోయి, ఒక హోటలులో కూర్చుండి చుట్టును కలయజూడగా, అక్కడ సకల వృత్తులయందును నల్లవారే యుండిరి గాని ఆ మాటకు తగినవాడు ఒక్కడైనను ఆయన కంటికి కానరాలేదట. తిరిగివచ్చి ఆ మాటను విడిచిపెట్టెను. 1982 నాటి 'లైవ్ ఆన్ ది సన్‌సెట్ స్ట్రిప్' చిత్రమున ఈ వృత్తాంతమును తానే చెప్పెను. ఏ యజమానియు జరిమానా వేయకుండగనే జరిగిన పరిత్యాగము గనుక, నా దృష్టిలో దీని విలువ మసాడా శాసనముకంటె ఎక్కువ.

మఱియొక నల్లజాతి హాస్యకారుడు డేవ్ షపెల్ సంగతి ఇంకను సూక్ష్మమైనది. ఐదుకోట్ల డాలర్ల ఒప్పందముతో తన కార్యక్రమమును తీయుచుండగా, నల్లవారిపైగల దురభిప్రాయములనే ఎగతాళి చేయుటకు కూర్చిన ఒక ఘట్టమునకు సెట్టులోని తెల్లవాడొకడు నవ్విన తీరు ఆయన మనస్సునకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. పలికినవాడు నల్లవాడే, ఉద్దేశము వ్యంగ్యమే. కాని విన్నవాడు ఎగతాళిని గాక జాతిని చూచి నవ్వెనేమో యను శంక కలిగినది. 2005లో ఆయన ఆ పని అర్ధాంతరముగ విడిచి దక్షిణాఫ్రికాకు వెడలిపోయెను. ద్వంద్వనీతిని గూర్చి వాదించువారు పలికినవాని చర్మపు రంగునే చూచుచున్నారు గాని, విన్నవాని నవ్వును విచారించుట లేదు.

ఎవరిని గూర్చి ఎవరు పలుకవచ్చునను ఈ వివాదము తెలుగువారిని సైతము తాకినది. న్యూయార్కున పెరిగిన తెలుగు సంతతి హాస్యకారుడు హరి కొండబోలు, 'ది సింప్సన్స్' కార్టూనులోని అపు అను భారతీయ దుకాణదారుని యాసను తెల్లజాతి నటుడు హ్యాంక్ అజారియా పలుకుటను ప్రశ్నించుచు, 2017లో ఒక డాక్యుమెంటరీ తీసెను. 2020లో అజారియా ఆ పాత్రనుండి తప్పుకొనెను. అమెరికాలోని మనవారిలో పలువురు దీనికి సంతోషించిరి, సంతోషింపదగినదే. కాని నల్లని మేనిఛాయను చూపి నవ్వించు మన తెలుగు సినిమా హాస్యమునకు అదే ఇండ్లలో అదే టీవీల ముందు నవ్వు ఆగలేదు. ద్వంద్వనీతి యన్నచో నేను మొదట దీనినే లెక్కింతును.