మందులు వాడుతున్నా బీపీ ఎందుకు పెరుగుతుంది? అసలు కథ రక్తనాళాల గోడల్లోనే!

ఉప్పు తగ్గించారు. ఆవకాయ జోలికి వెళ్లడం మానేశారు. అయినా మెషిన్ పెట్టి చూస్తే 150/95. చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. బీపీ అనగానే ఉప్పు, టెన్షన్ అనేస్తాం కానీ.. ఇందులో రక్తనాళాల పాత్ర కూడా పెద్దదే.

రక్తనాళం అంటే నీళ్ల పైపు లాంటిదని అనుకుంటాం. నిజానికి అది ప్రాణమున్న పైపు. లోపలివైపు ఒకే ఒక్క కణం మందంతో పల్చటి పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. 'బిగుసుకో' అని కొన్ని, 'వదులవ్వు' అని కొన్ని రసాయనాలను ఈ పొర వదులుతూనే ఉంటుంది. నాళం గోడలోని కండరం వాటి మాట వింటుంది. నాళం వ్యాసం 10 శాతం తగ్గిందంటే చాలు, రక్తానికి ఎదురయ్యే అడ్డంకి 50 శాతానికి పైగా పెరిగిపోతుంది!

వదులు చేసేది నైట్రిక్ ఆక్సైడ్. ఇది హార్మోన్ కాదు, క్షణాల్లో మాయమయ్యే వాయువు. దీని వెనక కథ భలేగా ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళం ముక్కలతో ప్రయోగాలు చేసేవారు. ఒకే మందు ఒకసారి నాళాన్ని బిగిస్తోంది, ఇంకోసారి వదులు చేస్తోంది. తీరా చూస్తే.. ముక్కలు కోసేటప్పుడు లోపలి పొర చెరిగిపోతే నాళం వదులవడం లేదు! 1980లో ఈ సంగతి బయటపెట్టారు. 1998లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర పనిచేసేదీ ఈ దారిలోనే. సిగరెట్ ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను దెబ్బతీస్తుంది.

బిగించేది ఎండోథీలిన్. 1988లో జపాన్‌లోని సుకుబా యూనివర్సిటీలో మసాషి యానగిసావా బృందం దీన్ని పంది రక్తనాళ కణాల నుంచి వేరు చేసింది.

ఇక అసలు విలన్ అనదగ్గది యాంజియోటెన్సిన్-2. కిడ్నీలు వదిలే రెనిన్‌తో దీని తయారీ మొదలవుతుంది. ఏసీఈ అనే ఎంజైమ్ దాన్ని పూర్తి చేస్తుంది. ఇది నాళాలను బిగించడంతో ఆగదు, ఒంట్లో ఉప్పు బయటకు పోకుండా కూడా చూస్తుంది. అంటే ఉప్పు గొడవ మళ్లీ ఇక్కడికే వచ్చిందన్నమాట!

మన ఇళ్లలో కనిపించే టెల్మిసార్టాన్, లోసార్టాన్ మాత్రలు ఈ హార్మోన్‌ను నాళం గోడ మీద పనిచేయనివ్వవు. రామిప్రిల్, ఎనలాప్రిల్ ఏకంగా ఏసీఈనే అడ్డుకుంటాయి, కాకపోతే కొందరికి పొడిదగ్గు తెస్తాయి. ఆమ్లోడిపిన్ దారి వేరు, అది నేరుగా కండరాన్నే సడలిస్తుంది. డాక్టర్ రెండు రకాల మాత్రలు రాసేది అందుకే.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. రీడింగ్ 120/80 రాగానే 'తగ్గిపోయిందిగా' అని మాత్ర ఆపేస్తారు. తగ్గింది మాత్ర ఉండబట్టే. ఆపితే హార్మోన్ మళ్లీ తన పని మొదలుపెడుతుంది. పక్కింటివాళ్ల మాత్ర తెచ్చుకుని వేసుకోవడం ఇంకా ప్రమాదం. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి గర్భిణులు అస్సలు వాడకూడదు, కడుపులో బిడ్డకు హాని జరుగుతుంది.

ఎండోథీలిన్‌కు అడ్డుకట్ట వేసే బీపీ మందు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. మిగతా మందులతో బీపీ అదుపులోకి రానివారి కోసం అప్రోసిటెంటాన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2024 మార్చిలో అనుమతి ఇచ్చింది. హార్మోన్‌ను కనిపెట్టిన 36 ఏళ్లకు!