ఇండియన్ కాఫీ హౌసు: ఒక పేరు, ఊరూర ఒక రూపు

ప్రయాణమునకు బయలుదేరువారు తాము పోవు ఊరిలో ఏ దేవాలయమున్నది, ఏ సత్రమున్నది యని ముందుగా విచారించుకొనుట మనవారికి తరతరాల అలవాటు. నేను వానితోపాటు ఆ యూర ఇండియన్ కాఫీ హౌసు కలదా యని కూడ విచారించుకొందును. కలదని తెలిసినచో, సామాను బసలో పడవేసి, దారి అడుగుకొనుచు అచ్చటికి పోయి, ఒక మూల బల్లయొద్ద కొంతసేపు కూర్చుండినగాని ఆ యూరు చూచిన తృప్తి నాకు కలుగదు. సిమ్లా కొండలనుండి తిరువనంతపురమువరకు ఈ పేరుతో సుమారు 400 శాఖలు నడచుచున్నవి. పెక్కింట సర్వర్లకు అదే తెల్లని దుస్తు, అదే వెడల్పు నడికట్టు, తలపై విసనకఱ్ఱవలె విచ్చుకొన్న అదే గంజిపెట్టిన తలపాగా. అయినను ఒక శాఖను చూచినవాడు రెండవదానిని చూచినట్లు కాదు. ఒకే పేరుగల ఫలహారశాలలు దేశమంతట ఒకే అచ్చున పోసినట్లుండుట నేటి వ్యాపారధర్మము కాగా, ఈ కాఫీ హౌసులు మాత్రము ఏ యూరికి ఆ యూరి గాలిని పీల్చుకొని పెరిగినవి. ఇట్లేల జరిగెనో తెలియవలెనన్న, వీని పుట్టుకను కొంచెము చెప్పవలసియున్నది.

1930 ప్రాంతముల ప్రపంచమంతట వ్యాపారము కుంగి, పంటల ధరలు పడిపోయినపుడు, దక్షిణదేశపు కాఫీ తోటలవారికి విదేశముల అమ్మకము ఆధారముగా నిలువలేదు. మన దేశముననే కాఫీ త్రాగువారిని పెంచుకొనుట తప్ప వేఱు దారి కానరాక, 1935లో కాఫీపై ఒక సుంకము విధించి, ఆ సొమ్ముతో ప్రచారము సాగించుటకు ఒక సంఘమును ఏర్పఱచిరి. ఆ ప్రయత్నములో భాగముగా 1936లో బొంబాయి చర్చిగేటునొద్ద మొదటి ఇండియా కాఫీ హౌసు తెఱవబడినది. తరువాత వచ్చిన మహాయుద్ధము ఎగుమతులను ఇంకను తగ్గింపగా, ఆ సంఘమునకు బదులుగా వచ్చిన కాఫీ బోర్డు ఆధ్వర్యమున ఈ శాలలు పట్టణపట్టణమునకు వ్యాపించి, 1940ల నాటికి సుమారు ఏబదియయ్యెను. తేనీరు తప్ప మఱొకటి యెఱుగని ఉత్తరదేశపు నగరములలో పెక్కుమందికి కాఫీ రుచి మప్పినవి ఈ శాలలే. తెల్లవారకమునుపే ఇంట డికాక్షను దిగు మన యిండ్లవారికి ఇది వింతగా తోచవచ్చును గాని, లక్నోలోను లాహోరులోను కాఫీ నాడు కొత్త వస్తువే.

1950ల నడుమ బోర్డు తన విధానమును మార్చుకొని, ఈ శాలలను మూసివేయుటకు నిశ్చయించెను. ఏండ్ల తరబడి తలపాగా ధరించి కప్పులు మోసినవారు ఒక్కసారిగా వీధిన పడు స్థితి వచ్చినది. ఆ సమయమున లోకసభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడైన ఏ.కె. గోపాలన్, ఉద్యోగము పోయినదని దుఃఖించుటకంటె ఈ శాలలను మీరే తీసికొని మీరే నడుపుకొనుడని కార్మికులను ప్రోత్సహించెను. కార్మికులు సహకార సంఘములుగా ఏర్పడిరి. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో మొదటి సంఘము వెలసినది. అదే సంవత్సరము అక్టోబరు 27న ఢిల్లీలో మొదటి ఇండియన్ కాఫీ హౌసు తలుపు తెఱచినది. 1958 మార్చి 8న కేరళములోని త్రిస్సూరున మఱొకటి. కేరళమున ఈ ఉద్యమమును నడపిన ఎన్.ఎస్. పరమేశ్వరన్ పిళ్ళను అచ్చటివారు కాఫీ హౌసు పిళ్ళ యనియే పిలిచిరి. ఆయన ఆ చరిత్రమును మలయాళమున గ్రంథముగా కూడ వ్రాసినాడు. కేరళపు కాఫీ హౌసులలో నేటికిని గోడపై గోపాలన్ పటము కనబడును.

ఊరూరికి ఉన్న భేదమునకు మూలమిదియే. వీని వెనుక ఒక ధనికుడు గాని, దూరనగరములోని ఒక కార్యాలయము గాని లేదు. ప్రాంతమునకొక సంఘము; కేరళమున నయితే త్రిస్సూరు కేంద్రముగా ఒకటి, కన్నూరు కేంద్రముగా ఒకటి, మొత్తము రెండు సంఘములు గలవు. మధ్యప్రదేశమున జబల్పూరు సంఘము తన శాఖలను దూరదూరమువరకు విస్తరించినది. ప్రతి సంఘములోను సభ్యులు అందు పనిచేయువారే. పాలకవర్గమును ఎన్నుకొనువారు, అందు కూర్చుండువారు కూడ వారే. వంటయింట పాత్రలు తోముటతో ప్రవేశించినవాడు క్రమక్రమముగా సర్వరై, పిదప శాఖను నడపువాడై, ఆ కొలువులోనే విశ్రాంతి పొందును. పై నుండి వచ్చు ఆజ్ఞ లేనప్పుడు ఏ వంటకము ఉండవలెను, ఏది పోవలెను, గోడకు ఏ రంగు వేయవలెను అను నిర్ణయములు స్థలమునందే జరుగును గనుక, తలపాగా ఒక్కటియైనను పళ్లెము వేఱైనది.

కలకత్తాలోని కాలేజి స్ట్రీటు శాఖను గూర్చి విరివిగా చెప్పక తప్పదు. పుస్తకముల అంగళ్లు బారులు తీరిన ఆ వీధిలో, నేడు విశ్వవిద్యాలయమైన ప్రెసిడెన్సీ కళాశాలకు ఎదురుగా, ఒక పాత మేడ మెట్లెక్కి పోయినచో, మనము ప్రవేశించునది హోటలుకంటె సభామందిరమునకు దగ్గరగానున్న విశాలమైన హాలు. నిజమునకు అది సభామందిరమే: 1876లో వెలసిన ఆల్బర్టు హాలు అది. సురేంద్రనాథ బెనర్జీ మొదలగువారు ఇండియన్ అసోసియేషనును ఆ సంవత్సరముననే ఆ హాలునందే స్థాపించిరి. 1942లో కాఫీ బోర్డు అచ్చట తన శాలను నెలకొల్పగా, కాలక్రమమున హాలు కాఫీ హౌసుగా మాఱినది. ఎత్తైన కప్పునుండి పొడవైన కడ్డీలపై వ్రేలాడు విసనకఱ్ఱ యంత్రములు, చుట్టును పైయంతస్తు వసారా, గోడపై రవీంద్రుని పెద్ద చిత్రపటము, వీనినన్నిటిని మించి ఎడతెగని మాటల హోరు. క్రింది హాలును హౌస్ ఆఫ్ కామన్స్ అనియు, పై వసారాను హౌస్ ఆఫ్ లార్డ్స్ అనియు పిలుచుకొనుట అచ్చటివారి వాడుక.

ఆ బల్లలయొద్ద కవులు కవితలు చదివిరి, చిన్న పత్రికలు రూపొందినవి, విద్యార్థులు రాజకీయములను గంటల తరబడి చర్చించిరి. ఆ జ్ఞాపకములపై 1983లో మన్నాడే పాడిన పాట బెంగాలీలందఱకును కంఠస్థము. అచ్చట పాలు లేని కాఫీని ఇన్ఫ్యూజను అని అడుగవలెను. ఆ నల్లని కాఫీ మన డికాక్షను కాఫీకి దూరపు చుట్టము కూడ కాదు. దాని రుచికి మనసు కుదురుటకు కొంత కాలము పట్టును. తినుటకైతే చికెన్ కవిరాజీని తెప్పించుకొనవలెను: గిలకొట్టిన గ్రుడ్డు జాలరిగా కప్పుకొనియుండు ఆ కట్లెట్టు వంగదేశపు ప్రత్యేకత, దక్షిణదేశపు కాఫీ హౌసులలో దానికి చోటులేదు. ఒక్క కప్పుతో మూడు గంటలు కూర్చుండినను లేవుమను సర్వరు నాకచ్చట కనబడలేదు. మాటకు, తీరికకు ఇంత గౌరవమిచ్చు ఫలహారశాలను నేను మఱెచ్చటను చూడలేదని నిస్సంకోచముగా చెప్పగలను.

కలకత్తా శాఖ మనుష్యులచేత గొప్పదైనచో, తిరువనంతపురపు శాఖ కట్టడముచేత గొప్పది. శబరిమలకో కన్యాకుమారికో పోయివచ్చు తెలుగువారెందఱో తంపానూరు రైల్వే స్టేషనునొద్ద దిగి, ఎదుటనే గుండ్రని ఎఱ్ఱ ఇటుకల గోపురమువంటి దానిని చూచి, అదేమియని అడుగకయే బస్సెక్కిపోవుదురు. అది లారీ బేకరు నిర్మించిన కాఫీ హౌసు. 1917లో ఇంగ్లండులోని బర్మింగుహాములో జన్మించి, భారతదేశమును స్వదేశముగా చేసికొని, 2007లో తిరువనంతపురముననే కన్నుమూసిన ఆ మహాశిల్పి, తక్కువ ఖర్చుతో, స్థానికమైన ఇటుకతో, ఎండను వానను మన్నించుచు కట్టుటయే వాస్తుధర్మమని జీవితాంతము ఆచరించి చూపినాడు. ఇచ్చట ఆయనకు లభించిన స్థలము ఇఱుకైనది. ఆ ఇఱుకుననే ఒక వాలు నేలను మెలికలు మెలికలుగా పైకి త్రిప్పి, అంతస్తులు లేకయే అంతస్తుల ప్రయోజనమును సాధించెను. బయటి గోడ వెంబడి బల్లలు, ఆసనములు కట్టడములోనే కలిసిపోయినవి. గోడలో ఇటుకలనడుమ విడిచిన రంధ్రములగుండ వెలుతురు చుక్కలుచుక్కలుగా పడును, గాలి ఆగక ఆడును. నడుమనున్న స్తంభాకారపు భాగము పనివారి యవసరములకు. సర్వరు పళ్లెములు పట్టుకొని ఆ వాలుపై అలవోకగా ఎక్కిదిగుట చూచుటకే ఒక కాఫీ ఎక్కువ త్రాగవచ్చును.

కేరళపు కాఫీ హౌసుల గుర్తు బీటురూటు. మసాలా దోసె విప్పినచో పచ్చని బంగాళాదుంప కూరకు బదులు గులాబి వన్నెతో కొంచెము తీయనైన కూర బయటపడును. కట్లెట్టు లోపలను అదే రంగు. మన ప్రాంతపు దోసెకు అలవాటుపడిన నాలుక మొదట వెనుకాడును గాని, రెండవ ముద్దకే ఆ తీపికి, అల్లపు కారమునకు గల పొందిక తెలియవచ్చును. నా అభిప్రాయమున, ఈ దేశమున కాఫీ హౌసుల వంటకములలో అగ్రస్థానము ఆ కట్లెట్టుకే చెందును.

తక్కినవానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఢిల్లీలో ఎమర్జెన్సీ కాలమున కన్నాట్ ప్లేసులోని పాత కాఫీ హౌసు కూల్చివేయబడినది. నేడు మోహన్ సింగ్ ప్లేసు పై అంతస్తున, మిద్దెపై, పదవీవిరమణ చేసిన ఉద్యోగులు, పాతకాలపు రాజకీయ కార్యకర్తలు చలికాలపు ఎండలో కూర్చుండి వాదించుకొను శాఖయే ప్రసిద్ధము. సిమ్లాలో మాలురోడ్డుపై నున్నది న్యాయవాదులకు, పత్రికా విలేఖరులకు, శాసనసభ్యులకు నిత్యసమావేశస్థలము. త్రివేణీ స్నానమునకు ప్రయాగ పోవు మనవారు సివిల్ లైన్సువైపు కూడ ఒకమాఱు పోయినచో, ఫిరాఖ్ గోరఖ్‌పురి మొదలగు సాహితీవేత్తలు కూర్చుండిన కాఫీ హౌసును చూడవచ్చును. బెంగుళూరు మహాత్మాగాంధీ రోడ్డునందలి శాఖ 2009లో స్థలము కోల్పోయి చర్చి స్ట్రీటునకు తరలిపోయినది. గోడలపై పాత ప్రకటనచిత్రములు వెంట వచ్చినవి, పాత ఖాతాదారులును వెంట వచ్చిరి. పుదుచ్చేరి నెహ్రూ వీధిలోనిది యాన్ మార్టెల్ నవల లైఫ్ ఆఫ్ పై ముందుమాటలో కథకుని పరిచయమునకు రంగస్థలమై లోకప్రసిద్ధి పొందినది.

ఇన్ని శాఖలను పోల్చుటకు కొలబద్ద యేమని మిత్రులు అడుగుదురు. రుచి నాకు మొదటిది కాదు. రుచికై పోవువానికి ప్రతి యూరను ఇంతకంటె మంచి దోసె దొరకును. ఉత్తరదేశపు శాఖలో సాంబారును మన యింటి సాంబారుతో తూచుట న్యాయమును కాదు. నేను మొదట చూచునది, ఒంటరిగా వచ్చినవాడు, తక్కువ సొమ్ముగలవాడు ఆ శాలలో సంకోచము లేక కూర్చుండగలడా యనునది. రిక్షావాడు, ఆచార్యుడు పక్కపక్కనే ఒకే వెలకు ఒకే కాఫీ త్రాగు శాఖకు నేను అధికమైన మార్కులు వేయుదును. పిమ్మట చూచునది ఆ యూరి భోజనము జాబితాలో ఎంత చేరినదియను విషయము. కుర్చీల పాతదనమును, గోడల రంగు వెలిసిపోవుటను నేను లెక్కింపను. త్వరగా తిని పోవలసినవారు మాత్రము వేఱొక చోటికి పోవుటయే మంచిది.

ఈ తీరిక ఎంతకాలము నిలుచునో యను బెంగ నాకు కలదు. నగరముల నడిబొడ్డున స్థలముల అద్దెలు ఆకాశమునంటుచున్నవి. చల్లని గదులలో వందల రూపాయలకు కాఫీ అమ్ము నూతన శాలలు యువకులను తమవైపు త్రిప్పుకొనుచున్నవి. కాఫీ వెల తక్కువగా నుంచుచు, పనివారికి న్యాయమైన జీతము ఇచ్చుట సంఘములకు కత్తిమీద సామైనది. మన అరకులోయలో గిరిజన రైతులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించి, దాని గింజలు విదేశములవరకు పోవుచున్న ఈ దినములలో, కాఫీని సామాన్యునికి అలవాటుచేసిన శాలలు ఆదరణలేక మూతపడుట తగదు.

కావున యాత్రకో, ఉద్యోగపు పనికో ఈ యూళ్లకు పోవు తెలుగు పాఠకులకు నా మనవి యిది. తొలిసారి చూచువారు తిరువనంతపురముతో మొదలిడుడు. మాటలయందు ప్రీతిగలవారు కలకత్తాకు పొండు. ఎంతసేపు కావలెనో అంతసేపు కూర్చుండుడు, కాని ఒక్క కప్పుతో సరిపెట్టక, వెంట ఒక కట్లెట్టునో దోసెనో తెప్పించుకొనుడు: మీరు చెల్లించు బిల్లునుండియే దానిని తెచ్చిన సర్వరు జీతమును, ఆ శాఖ అద్దెయును రావలసియున్నవి.